చెవిపోగు ఖరీదెంత?

*గేదెకైనా కుక్కకైనా బీమా కట్టడం గిట్టుబాటేనా? కృష్ణా డెల్టా చివరి ఊళ్లలో ఇప్పుడు నడుస్తున్న లెక్క ఇది*

2024 సెప్టెంబరు 2. ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల నీరు కిందికి వస్తోంది. బ్యారేజీ కట్టాక అంత వరద ఎన్నడూ లేదు. పులిగడ్డ దగ్గర రెండుగా చీలే కృష్ణ ఆ రోజు దివిసీమను రెండు వైపులా ఒరుసుకుంటూ పారింది. లంకల్లో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి.

అలాంటి రాత్రుల్లో కరకట్ట మీద ఏం కనిపిస్తుందో ఈ సీమలో పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. ట్రాక్టరు ట్రక్కులో బియ్యం బస్తా, గ్యాస్ బండ, పిల్లల పుస్తకాల సంచి. ఆ వెనకే పలుపు పట్టుకుని నడిపించుకొచ్చిన గేదెలు. పట్టా కింద మనుషులు, పక్కనే వానలో తడుస్తూ పశువులు. తోలుకురాలేని వాటికి పలుపులు విప్పి వదిలేస్తారు. ఈదుకుంటూ వెళ్లి ఏ మెరక మీదో తేలతాయని ఆశ.

నీళ్లు తీశాక లెక్క మొదలవుతుంది. ఎన్ని మిగిలాయి, ఎన్ని పోయాయి? పోయినదాని చెవికి పోగు ఉందా? బీమా కాగితం ఇంట్లోనే ఉండిపోయిందా, తడిసిపోయిందా?

ఏడాది తిరిగాక మళ్లీ అదే గుబులు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటే దాకా బందరు (మచిలీపట్నం) నుంచి నాగాయలంక వరకు పశువులున్న ఇళ్లలో కంటి మీద కునుకు లేదు. అప్పటినుంచి పాలకేంద్రాల దగ్గర, రైతు సేవా కేంద్రాల దగ్గర గేదెకు బీమా చేయించాలా వద్దా అన్న మాట తరచూ వస్తోంది. గుడివాడ, బందరు పట్టణాల్లో ఇదే ప్రశ్న ఇంకో రూపంలో ఉంది. ఇంట్లో లాబ్రడార్‌నో పొమరేనియన్‌నో పెంచుకునేవాళ్ల ఫోన్లలోకి పెంపుడు కుక్కల బీమా ప్రకటనలు వస్తున్నాయి. ఏడాదికి ఇంత కట్టండి, వైద్యం ఖర్చు మేం చూసుకుంటాం అంటున్నాయి.

కట్టాలా? కడితే తిరిగి వచ్చేదెంత?

బీమా కంపెనీలు పుట్టిన ఊరు

బీమా అన్న మాట బందరుకు కొత్త కాదు. డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో ఆంధ్రా బ్యాంకును పెట్టింది ఇక్కడే. రెండేళ్లకు, 1925లో, ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ. 1935లో హిందుస్థాన్ ఐడియల్ ఇన్సూరెన్స్. వీటన్నిటికంటే ముందు 1915లోనే కృష్ణా సహకార కేంద్ర బ్యాంకు. పరాయి కంపెనీల చేతుల్లో ఉన్న డబ్బు వ్యాపారాన్ని డెల్టా రైతు పొదుపుతో ఇక్కడే నడపొచ్చని ఆ తరం నమ్మింది, నడిపి చూపించింది. 1956లో జీవిత బీమాను జాతీయం చేశాక ఆ పాలసీలన్నీ ఎల్‌ఐసీలో కలిశాయి. ఎల్‌ఐసీ డివిజనల్ కార్యాలయం నేటికీ మచిలీపట్నంలో ఉంది.

మనిషి ప్రాణానికి బీమా చేయడం ఇంత ముందుగా నేర్చిన ప్రాంతమిది. ఆ మనిషిని పోషించే గేదెకు బీమా మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది. కేంద్ర ప్రభుత్వ పశు బీమా పథకం 2005-06లో దేశంలోని 100 జిల్లాల్లో ప్రయోగంగా మొదలైంది. 2014లో జాతీయ పశుసంవర్ధక మిషన్‌లో భాగంగా అన్ని జిల్లాలకూ విస్తరించింది. ఈ పథకం రాకముందు బీమా ఉన్నది ఎక్కువగా బ్యాంకు అప్పుతో కొన్న గేదెలకే. అది కూడా బ్యాంకు తన అప్పుకు రక్షణగా చేయించిందే.

> 1977 నవంబరు 19
>
> దివిసీమ ఉప్పెనలో అధికారిక లెక్కల ప్రకారమే సుమారు 10 వేల మంది చనిపోయారు. లక్షల్లో పశువులు పోయాయి. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి వైపు ఊళ్లకు ఊళ్లే తుడిచిపెట్టుకుపోయాయి. బతికి బయటపడ్డ కుటుంబానికి దుక్కిటెద్దు లేదు, పాలగేదె లేదు, కోళ్లు లేవు. ఇల్లు మళ్లీ కట్టుకోవడం ఒక ఎత్తయితే, గొడ్లచావిడి మళ్లీ నిండడానికి కొన్ని ఇళ్లలో ఏళ్లు పట్టింది.

వరదలో పోతే పరిహారం, మంగళవారం పోతే?

ఉప్పెన, వరద, తుపాను. డెల్టాలో పశువు ప్రాణానికి ముప్పు అనగానే గుర్తొచ్చేవి ఇవే. బీమా గురించి ఆలోచించేవాళ్లు కూడా వీటినే తలుచుకుంటారు. లెక్క తప్పేది ఇక్కడే.

ప్రకృతి విపత్తులో పశువు పోతే ప్రభుత్వం విపత్తు సహాయ నిధి నుంచి పరిహారం ఇస్తుంది. 2022లో సవరించిన నిబంధనల ప్రకారం పాడి గేదెకు, ఆవుకు 37,500 రూపాయలు, దుక్కిటెద్దుకు 32 వేలు, దూడకు 20 వేలు, గొర్రెకు, మేకకు 4 వేలు. పెద్ద పాడి పశువులైతే ఇంటికి మూడింటి వరకే. ఈ డబ్బు చాలదు నిజమే. అయినా అలాంటప్పుడు అధికారులు వస్తారు, లెక్క రాస్తారు, పత్రికల్లో వార్త వస్తుంది, నాయకులు పరామర్శకు దిగుతారు.

కానీ చాలా గేదెలు వరదలో చనిపోవు. మామూలు మంగళవారం నాడు, ఎవరికీ పట్టని కారణంతో, ఒక్కటొక్కటిగా పోతాయి. తొలకరి వానలకు గొంతువాపు తగిలి తెల్లారేసరికి ఒక గేదె కూలబడుతుంది. ఈనిన రెండు మూడు రోజులకు పాల జ్వరం వస్తే, సకాలంలో కాల్షియం ఎక్కించేవాళ్లు దొరక్క ఇంకొకటి పోతుంది. కాలవ గట్ల వెంట మేసే వాటికి కడుపులో జలగ చేరి అవి నెలల తరబడి చిక్కిపోతాయి. కోత మీద వాన పడి తడిసిన వరిగడ్డిని వామి వేస్తే బూజు పడుతుంది. అదే మేపితే తోకలు, గిట్టలు కుళ్లే జబ్బు పట్టుకుంటుంది. తెగిపడిన కరెంటు తీగ సంగతి సరేసరి.

పాములు ఉండనే ఉన్నాయి. 2018 ఆగస్టులో అవనిగడ్డ ఆసుపత్రికి పాముకాటు కేసులు వరుసపెట్టి వచ్చాయి. వాటి సంఖ్య వంద దాటడంతో మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి ఆలయంలో సర్పశాంతి యాగం చేశారు. ఆ వార్త దేశమంతా తిరిగింది. మనుషులను కాటేసిన రక్తపింజరులే అవే చేల గట్ల మీద మేసే గేదెలనూ కాటేస్తాయి. వాటి లెక్క ఏ ఆసుపత్రి రిజిస్టరులోకీ ఎక్కదు.

ఇలా ఒంటరిగా పోయిన గేదెకు విపత్తు పరిహారం రాదు. గేదెకు బీమా అవసరం పడేది ఈ చావులకే. తుపాను భయంతో పాలసీ తీసుకునేవాళ్లు, తుపాను రాని ఏడాది దండగైందని మానేయడం అందుకే సరికాదు.

ఐదు రోజుల పాలు

డబ్బు లెక్క చూద్దాం. పూటకు నాలుగు లీటర్లు, రోజుకు ఎనిమిది లీటర్లు ఇచ్చే ముర్రా సంతతి గేదె విలువ 80 వేలు అనుకుందాం. సంతలో ఇంకా ఎక్కువే పలికే రోజులివి. కేంద్ర పథకం 2014 మార్గదర్శకాల్లో సాధారణ ప్రాంతాల్లో ప్రీమియం ఏడాదికి పశువు విలువలో 3 శాతం, మూడేళ్లకు 7.5 శాతం మించకూడదని రాశారు. ఆ లెక్కన 80 వేల గేదెకు ఏడాదికి 2,400 రూపాయలు. లీటరు 60 రూపాయల చొప్పున పోసినా రోజుకు 480. అంటే ఐదు రోజుల పాలు.

ఇది రాయితీ లేకుండా. 2024 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం రైతు వాటాను 15 శాతానికి తగ్గించింది. అంతకుముందు అది 20 నుంచి 50 శాతం దాకా ఉండేది. మిగిలిన 85 శాతాన్ని కేంద్రం, రాష్ట్రం 60:40 నిష్పత్తిలో పంచుకుంటాయి. అలా అయితే పైన చెప్పిన గేదెకు రైతు కట్టేది 360 రూపాయలు. ఒక్క రోజు పాలు కూడా కాదు.

మరి గిట్టుబాటా? నూటికి మూడు గేదెలు ఏటా చనిపోతాయనుకుంటే, కట్టిన 3 శాతం, వచ్చిన పరిహారం సరికి సరి అవుతాయి. వంద గేదెలున్న డెయిరీ యజమాని ఈ లెక్క వేసుకుని, పూర్తి ప్రీమియం కట్టే బదులు ఆ డబ్బు విడిగా దాచుకుంటానంటే అందులో తర్కం ఉంది. ఏటా రెండు మూడు పోయినా మిగిలినవి ఇంటిని నిలబెడతాయి. కోడూరులో రెండు గేదెలున్న ఇల్లాలికి ఆ తర్కం పనికిరాదు. ఆమెకు గేదె అంటే పాలకేంద్రం నుంచి వచ్చే బిల్లు, డ్వాక్రా సంఘం కిస్తీ, పిల్లాడి కాలేజీ ఫీజు. రెండిట్లో ఒకటి పోతే సగం జీతం పోయినట్టు. ఇంకొకటి అప్పుడే వట్టిపోయి ఉంటే మొత్తం పోయినట్టే. నూటికి మూడే కావచ్చు, ఆ మూడింట్లో ఒకటి ఆమెదైతే ఆ ఇల్లు లేవలేదు.

కౌలు రైతు, భూమి లేని కూలి, భర్త లేని ఆడమనిషి ఒకటో రెండో గేదెల మీద బతుకుతుంటే, రాయితీ ఉన్నా లేకపోయినా బీమా కట్టి తీరాల్సింది వాళ్లే. విషాదం ఏమంటే కట్టకుండా మిగిలిపోయేదీ ఎక్కువగా వాళ్లే. ప్రీమియం కట్టాల్సిన నెల గేదె వట్టిపోయిన నెలైతే ఐదు రోజుల పాల డబ్బు ఎక్కడినుంచి వస్తుంది?

ముప్పై వేలకు ఏ గేదె వస్తుంది?

రైతుల అసలు ఫిర్యాదు ప్రీమియం మీద కాదు, విలువ మీద. మిషన్ మార్గదర్శకాల్లో గేదె విలువను స్థానిక మార్కెట్ ధర ప్రకారమో, లేదా రోజుకు ఇచ్చే పాలలో లీటరుకు కనీసం 4 వేల చొప్పునో కట్టాలని ఉంది. ఆవుకైతే లీటరుకు 3 వేలు. ఎనిమిది లీటర్ల గేదెకు రెండో పద్ధతిలో 32 వేలు వస్తుంది. ఆ డబ్బుతో అలాంటి గేదె గుడివాడ చుట్టుపక్కల దొరకదు.

రాష్ట్రంలో 2019 తర్వాత ప్రీమియం లేకుండానే పశునష్ట పరిహార పథకం నడిచింది. మేలుజాతి పాడి పశువుకు 30 వేలు, నాటు పశువుకు 15 వేలు. రైతు పైసా కట్టక్కర్లేదు కనుక చాలామంది దాన్ని ఆహ్వానించారు. తర్వాత ప్రీమియంతో కూడిన బీమా మళ్లీ వచ్చింది. ప్రభుత్వం మారినప్పుడల్లా పథకం పేరు, వాటా, షరతులు మారుతుంటే పోయినేడు ఏం చేశామో ఈ ఏడు అదే చేయొచ్చో లేదో పల్లెలో ఎవరికీ తెలియదు. పథకాలకు పేరు ఏదైనా పెట్టుకోవచ్చు. పశువు విలువను మార్కెట్‌లో సగానికి కట్టి, దాన్ని బీమా అని పిలవడం మాత్రం రైతుకు అన్యాయం. విలువ కట్టేటప్పుడు పశువైద్యుడు, కంపెనీ ప్రతినిధి, రైతు ముగ్గురూ ఉండాలి. రైతు అక్కడ నోరు తెరిచి, పాలకేంద్రం బిల్లు చూపించి, ఇన్ని లీటర్లు పోస్తున్నానని చెప్పాలి. పాలసీ చేతికొచ్చాక అడిగితే వినేవాళ్లుండరు.

పోగు లేదా? క్లెయిమ్ లేదు

బీమా అయిన పశువుకు చెవిపోగే గుర్తు. పసుపు రంగు పోగు మీద 12 అంకెలు ఉంటాయి. గాలికుంటు వ్యాధి నివారణకు 2019 సెప్టెంబరులో కేంద్రం జాతీయ టీకా కార్యక్రమం మొదలుపెట్టినప్పటి నుంచి ఈ పోగులు ఊరూరా వేస్తున్నారు. పశువు ఆధార్ అంటే ఇదే. పశువు చనిపోయిన రోజున పోగు చెవికి లేకపోతే కంపెనీ ఒక్క రూపాయి ఇవ్వదు.

కంపెనీల వైపు నుంచి చూస్తే దీనికి కారణం ఉంది. చనిపోయిన గేదె చెవికి వేరే గేదె పోగు తగిలించిన మోసాలు వాళ్లకు తెలుసు. అందుకే కొన్ని కంపెనీలు ముట్టె మీది గీతలను ఫోన్‌తో ఫొటో తీసి పోల్చే పద్ధతిని ప్రయత్నిస్తున్నాయి. మనిషి వేలిముద్రలాగే ఆ గీతలూ ఏ గేదెవి దానివే. ఆ పద్ధతి వచ్చేదాకా మాత్రం బరువంతా రైతు మీదే. ముళ్లకంచెకు తగిలి పోగు ఊడిందంటే ఆ రోజే పశువైద్యశాలకు చెప్పి, కొత్త పోగు వేయించి, నంబరు కంపెనీకి రాయించాలి. గేదెను అమ్మితే కొన్నవాళ్ల పేరుకు పాలసీ మార్పించాలి. వరదలో కళేబరమే కొట్టుకుపోతే పోగూ ఉండదు, శవపరీక్షా ఉండదు. దివిసీమ లాంటి చోట ఈ నిబంధనకు సడలింపు ఉండి తీరాలి. విపత్తు వేళ గ్రామస్థాయి అధికారి నష్టం నమోదు చేస్తే దాన్నే ఆధారంగా తీసుకోమని కంపెనీలను ఒప్పించే పని ప్రభుత్వానిదే.

> పాలసీ కాగితంలో ముందు చూడాల్సినవి
>
> సాధారణంగా పాడి ఆవుకు 2 నుంచి 10 ఏళ్లు, పాడి గేదెకు 3 నుంచి 12 ఏళ్ల వయసుంటేనే బీమా చేస్తారు. పాలసీ తీసుకున్న మొదటి 15 రోజుల్లో జబ్బుతో చనిపోతే పరిహారం రాదు. టీకా ఉన్న జబ్బుకు టీకా వేయించకుండా వదిలేస్తే క్లెయిమ్ తిరస్కరిస్తారు. దొంగతనం మామూలు పాలసీలో ఉండదు. పశువు చనిపోయిన 24 గంటల్లోగా కంపెనీకి కబురు అందాలి. శవపరీక్ష కాకుండా పాతిపెట్టకూడదు. గొడ్డుమోతుతనం, పాలు పూర్తిగా ఆగిపోవడం వంటి శాశ్వత వైకల్యానికి అదనపు ప్రీమియం అడుగుతారు. వైద్యం ఖర్చు పశు బీమాలో ఉండదు. అప్పు మీద కొన్న గేదె అయితే పరిహారం ముందుగా అప్పు ఖాతాకు పోతుంది.

వైద్యం ఖర్చు ఉండదన్నది చాలామందికి క్లెయిమ్ దాకా వెళ్తే గానీ తెలియదు. గేదె జబ్బుపడితే ఆదుకునేది బీమా కంపెనీ కాదు, ఊళ్లోని పశువైద్యశాల. రాష్ట్రంలో 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. 2022 మే నుంచి ఇవి తిరుగుతున్నాయి. పాల జ్వరంతో కూలబడ్డ గేదెకు పాలసీ కాగితం కంటే ఆ వాహనంలోని కాల్షియం సీసా ముఖ్యం.

కుక్క సంగతి వేరు

గుడివాడలోనో బందరులోనో కుక్కను పెంచుకునే ఇంటి లెక్క దీనికి పూర్తిగా ఎదురు. గేదె విషయంలో భరించలేనిది చావు. కుక్క విషయంలో ఇంటి జేబుకు చిల్లు పెట్టేది వైద్యం. పార్వో తగిలిన కూనకు రోజుల తరబడి సెలైన్లు, గోమార్ల వల్ల వచ్చే జ్వరానికి రక్తపరీక్షలు, బండి కింద పడి కాలు విరిగితే ఆపరేషన్. ఊళ్లో కుదరకపోతే గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాలకు తీసుకెళ్లాలి. గుడివాడకు అది దగ్గరే. నాగాయలంక నుంచి బయల్దేరితే రోజంతా పోతుంది.

మన దేశంలో కుక్కలకు బీమా ప్రభుత్వరంగ కంపెనీల్లో చాలాకాలంగా ఉన్నా, ఎక్కువగా మరణానికే ఉండేది. 2020లో బజాజ్ అలియాంజ్ శస్త్రచికిత్స, ఆసుపత్రి ఖర్చులతో పాలసీ తెచ్చాక మిగతా ప్రైవేటు కంపెనీలూ అదే దారి పట్టాయి. దేశవాళీ కుక్కలకూ ఇస్తున్నారు. ఎవరినైనా కరిచి నష్టపరిహారం చెల్లించాల్సి వస్తే ఆ భారం మోసే వెసులుబాటూ కొన్నిట్లో ఉంది. వీధికుక్కల మీద సుప్రీంకోర్టు 2025 ఆగస్టులో ఇచ్చిన ఉత్తర్వుల తర్వాత కుక్కకాటు మీద జనంలో భయం, చర్చ రెండూ పెరిగాయి. అలాంటప్పుడు వీధి గుమ్మం ఉన్న ఇంట్లో పెద్దజాతి కుక్కను పెంచేవాళ్లు ఆ ఒక్క అంశం కోసమైనా పాలసీ చదవడం మంచిది.

కానీ ప్రకటనలో కనిపించని సంగతులున్నాయి. మామూలు పరీక్షలకు, టీకాలకు, నులిపురుగుల మందుకు అసలు పాలసీలో డబ్బు రాదు. పుట్టుకతో వచ్చిన లోపాలు, ముందే ఉన్న జబ్బులు మినహాయింపే. ముసలి కుక్కను కొత్తగా చేర్చుకోరు, ఖర్చు ఎక్కువయ్యేదేమో ఆ వయసులోనే. టీకా కార్డు లేకుండా పార్వో, డిస్టెంపర్, ర్యాబిస్‌కు పరిహారం అడగలేరు. పొలాల్లో, మురుగుకాలవల్లో తిరిగే డెల్టా కుక్కలకు ఎలుకల మూత్రం ద్వారా లెప్టోస్పైరోసిస్ సోకే ప్రమాదం ఎక్కువ. ఆ టీకా తప్పనిసరి, బీమా ఉన్నా లేకపోయినా.

కనుక ఖరీదైన జాతి కూనను తెచ్చుకున్నవాళ్లు, ఒక్కసారిగా ముప్పై నలభై వేలు వైద్యానికి పెట్టలేనివాళ్లు, కుక్క చిన్న వయసులో ఉండగానే వైద్యం ఖర్చు ఇచ్చే పాలసీ తీసుకుంటే ఉపయోగం ఉంటుంది. చనిపోతేనే డబ్బిచ్చే పాలసీ ఇంటి కుక్కకు దండగ. కుక్క పోయాక వచ్చే ఆ డబ్బు ఏ ఇంటికీ అవసరం పడదు. మిగిలినవాళ్లకు ప్రీమియమంత సొమ్ము నెలనెలా పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్‌లో వేసుకోవడం మేలు.

తిరస్కరిస్తే ఎక్కడికి?

క్లెయిమ్ తిరస్కరిస్తూ ఉత్తరం వస్తే చాలామంది దాన్ని మడిచి దూలం సందులో పెట్టేస్తారు. అలా వదిలేయక్కర్లేదు. ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాతపూర్వకంగా రాయాలి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించొచ్చు. ఆంధ్రప్రదేశ్ ఆయన పరిధిలోనే ఉంది, రుసుము లేదు, లాయరు అక్కర్లేదు. కంపెనీ చివరి జవాబు వచ్చిన ఏడాదిలోగా వెళ్లాలి. ఇంకో దారి మచిలీపట్నంలోనే ఉన్న జిల్లా వినియోగదారుల కమిషన్. కట్టిన ప్రీమియం 5 లక్షల లోపే కనుక అక్కడా దరఖాస్తు రుసుము ఉండదు, గడువు రెండేళ్లు. పాలసీ కాగితం, పోగు నంబరు కనిపించే ఫొటో, శవపరీక్ష నివేదిక, టీకాల కార్డు, కంపెనీకి కబురు పంపిన రుజువు, ఈ ఐదూ ఫైలులో ఉంటే గేదె యజమాని తన వాదన తానే వినిపించుకోవచ్చు.